విండోస్ సర్వర్ డీఎన్ఎస్ పనిముట్లు: ఏది ఎవరిని అడుగుతోంది?

"సర్వర్ పేరు కొడితే తెరుచుకోవట్లేదు, ఐపీ కొడితే తెరుచుకుంటోంది" అంటే తప్పు దాదాపు ఎప్పుడూ డీఎన్ఎస్ (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) దగ్గరే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి విడిగా ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. విండోస్‌తో ఊరికే వచ్చే నాలుగైదు పనిముట్లు చాలు. చిక్కల్లా ఒకటే, అవన్నీ ఒకే మాట చెప్పవు. ఒక్కొక్కటి ఒక్కొక్కచోట అడిగి వస్తుంది. ఎక్కడ అడిగిందో తెలియకుండా జవాబును నమ్మితే సగం రోజు వృథా.

అందరూ ముందు పట్టుకునేది ఎన్ఎస్‌లుకప్. ఇది హోస్ట్స్ ఫైలు (పీసీలో చేత్తో రాసిపెట్టే పేర్లు-ఐపీల పట్టిక) చూడదు, పీసీలోని క్యాష్ (ఇంతకుముందు వచ్చిన జవాబుల నిల్వ) చూడదు, నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే అడుగుతుంది. పింగ్ అలా కాదు. హోస్ట్స్, క్యాష్, డీఎన్ఎస్ అన్నీ చూసి, అక్కడా దొరక్కపోతే ఎల్ఎల్ఎంఎన్ఆర్, నెట్‌బయోస్ అనే పద్ధతులతో అదే నెట్‌వర్క్‌లోని పక్క మెషీన్లను కేకేసి అడుగుతుంది. ఈ తేడాయే అసలు ఆయుధం. ఎన్ఎస్‌లుకప్ సరైన ఐపీ చెప్పి, పింగ్ పాత ఐపీకి వెళ్తోందంటే ముందు హోస్ట్స్ ఫైలు తెరవండి, తర్వాత ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టి క్యాష్ తుడిచేయండి. పింగ్ బాగానే ఉండి ఎన్ఎస్‌లుకప్ చేతులెత్తేసిందంటే డీఎన్ఎస్‌లో రికార్డే లేదని, పింగ్‌కి జవాబు హోస్ట్స్‌లోంచో పక్క మెషీన్ల నుంచో వస్తోందని అనుమానించండి. పక్క మెషీన్లే చెబుతుంటే, ఆ పీసీని వేరే వీల్యాన్‌కి (స్విచ్‌లో విడదీసిన వేరే నెట్‌వర్క్‌కి) మార్చిన రోజున పింగ్ కూడా పోతుంది.

ఎన్ఎస్‌లుకప్‌తో రెండు చిరాకులు. మొదటి వరుసలో "సర్వర్: అన్‌నోన్" అని కనబడగానే డీఎన్ఎస్ సర్వీస్ రీస్టార్ట్ చేసేవాళ్లు చాలామంది. అది జబ్బు కాదు. రివర్స్ లుకప్ జోన్‌లో (ఐపీ ఇస్తే పేరు చెప్పే పట్టికలో) ఆ సర్వర్‌కి పీటీఆర్ రికార్డు లేదని దానర్థం, అంతే. రెండోది, మీరిచ్చిన పేరు చివర ఆఫీసు డొమైన్‌ను అదే తగిలించి అడిగేస్తుంది. పేరు చివర చుక్క పెడితే ఆ పని మానుతుంది.

నా ఓటు పవర్‌షెల్‌లోని రిజాల్వ్-డీఎన్ఎస్‌నేమ్‌కి. పీసీలోని మామూలు ప్రోగ్రాములు అడిగే దారిలోనే ఇదీ అడుగుతుంది. టీటీఎల్ (జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో) చూపిస్తుంది, ఎస్ఆర్‌వీ రికార్డులు (ఏ సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పేవి) శుభ్రంగా పరుస్తుంది. -సర్వర్ అని ఇచ్చి రెండు డొమైన్ కంట్రోలర్లను (ఆఫీసు లాగిన్లు చూసే సర్వర్లను) విడివిడిగా అడిగి పోల్చుకోవచ్చు.

కొత్త పీసీని డొమైన్‌లో కలిపేటప్పుడు "డొమైన్ కంట్రోలర్‌ను అందుకోలేకపోయాం" అనే పెట్టె వస్తే ఓకే నొక్కేయకండి. అందులో డీటెయిల్స్ బటన్ ఉంటుంది. నొక్కితే ఏ రికార్డు కోసం అడిగిందో అక్షరం పొల్లుపోకుండా చూపిస్తుంది. కోడ్ చివర 232బి ఉంటే, అంటే పదుల లెక్కలో 9003 అయితే, అడిగిన సర్వర్ "ఆ పేరే లేదు" అంది. మనవాళ్ల సర్వర్‌ను కాకుండా ఇంకెవరినో అడిగిందని మొదటి అనుమానం అక్కడే రావాలి. సరైన సర్వర్‌నే అడిగినా లేదంటోందా? అప్పుడు డొమైన్ కంట్రోలర్ మీద ఎన్ఎల్‌టెస్ట్ /డీఎస్‌రెగ్‌డీఎన్ఎస్ కొట్టండి, లేదా నెట్‌లాగన్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి. ఆ ఎస్ఆర్‌వీ రికార్డులను రాసేది నెట్‌లాగనే.

డొమైన్ కంట్రోలర్లను పరీక్షించే డీసీడయాగ్ /టెస్ట్:డీఎన్ఎస్ బాగా పనికొచ్చేదే, కాకపోతే వాగుడెక్కువ. మొత్తం చదవక్కర్లేదు, చివరి పట్టికకు వెళ్లండి. ఫార్వర్డర్లు (తనకు తెలియని పేర్ల కోసం సర్వర్ అడిగే ఇతర సర్వర్లు), డైనమిక్ అప్‌డేట్, రికార్డుల నమోదు ఒక్కోదానికి ఒక్కో గడి ఉంటుంది. చివరి గడిలో ఎన్/ఏ అని చూపిస్తే కంగారు వద్దు, బయటి పేర్ల పరీక్షను విడిగా అడిగితే తప్ప చేయదు. /ఈ కలిపితే అన్ని బ్రాంచీల సర్వర్లనూ తిరిగొస్తుంది. ఒక బ్రాంచి లింకు పడిపోయి ఉందంటే టీ తాగి రావచ్చు. దీని పెద్ద లోపం, చూసేదంతా సర్వర్ వైపే. పీసీల్లో ఏం పెట్టారో దానికి తెలియదు.

ఆఫీసుల్లో గొడవంతా పీసీల వైపే. రెండో డీఎన్ఎస్‌గా గూగుల్ వాళ్ల 8.8.8.8 పెట్టడం అన్నిటికన్నా పాత తప్పు. మొదటి సర్వర్ అప్‌డేట్ల కోసం కాసేపు ఆగితే పీసీ గూగుల్‌ను అడుగుతుంది, అక్కడ "అలాంటి పేరు లేదు" అంటారు, పీసీ దాన్నే నమ్మేస్తుంది. లేదన్నాక ఇంకో సర్వర్‌ను అడగదు. ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి చేయని కేసులకు మూలం ఎక్కువగా ఇదే. పీసీలకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీలో ఆప్షన్ 6 (డీఎన్ఎస్ సర్వర్ల జాబితా) కింద లోపలి సర్వర్లే ఉండాలి. 8.8.8.8ను సర్వర్‌లోని ఫార్వర్డర్స్ ట్యాబ్‌లో పెట్టుకోండి.

ఫైబర్ కనెక్షన్లు వచ్చాక మరో తలనొప్పి. ఐపీవీ4లో అన్నీ సరిగ్గానే ఉంటాయి, కానీ రౌటర్ ఐపీవీ6 ద్వారా తన డీఎన్ఎస్‌ను పీసీలకు పంచుతూ ఉంటుంది. ఇక్కడ మాత్రం ఎన్ఎస్‌లుకప్ మెడల్ కొట్టింది. అడ్రస్ వరుసలో ఎఫ్ఈ80తో మొదలయ్యేది కనబడితే దొంగ దొరికినట్టే. రౌటర్‌లో ఐపీవీ6 డీఎన్ఎస్ ప్రకటనను ఆపండి. సర్వర్‌లో ఐపీవీ6 మొత్తాన్నే ఆపేయడం మైక్రోసాఫ్ట్ వద్దనే పని.

డొమైన్ కంట్రోలర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులుంటే రెండు ఐపీలూ డీఎన్ఎస్‌లో చేరతాయి, పీసీల్లో కొన్ని అందని ఐపీకి వెళ్తాయి. రెండో కార్డు ప్రాపర్టీస్‌లో, ఆ కార్డు అడ్రస్‌ను డీఎన్ఎస్‌లో చేర్చే రిజిస్టర్ టిక్ తీసేయాలి.

పాత రికార్డుల చెత్త ఊడ్చే స్కావెంజింగ్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. జోన్‌లోనూ (ఒక డొమైన్ రికార్డులన్నీ ఉండే పట్టిక) సర్వర్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. నో-రిఫ్రెష్ (రికార్డు తేదీ ముద్రను కొత్తది చేయనివ్వని గడువు) 7 రోజులు, రిఫ్రెష్ (కొత్తది చేసుకునే గడువు) 7 రోజులు అలాగే ఉంచితే చాలు. ఈ పనిముట్ల పెట్టెలో భయపడాల్సిన కమాండ్ ఒక్కటే, డీఎన్ఎస్‌సీఎండీ /ఏజ్‌ఆల్‌రికార్డ్స్. చేత్తో చేర్చిన స్టాటిక్ రికార్డులకు కూడా అది తేదీ ముద్ర వేసేస్తుంది. స్కావెంజింగ్ ఆన్‌లో ఉంటే 14 రోజులు దాటాక ప్రింటర్ల పేర్లు, పాత లినక్స్ సర్వర్ల పేర్లు ఒక్కొక్కటే మాయమవుతాయి, రెండు వారాల కిందట కొట్టిన కమాండ్ అప్పటికి ఎవరికీ గుర్తుండదు.