నైకాన్ జెడ్ 180-600: పిట్టల ఫోటోల కోసం పెద్ద లెన్స్ కొనాలనుకునేవాళ్ళకి నా రివ్యూ

పిట్టల ఫోటోలకి లెన్స్ కొందామనుకునే ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఎన్ని ఎంఎం ఉండాలి అనే, అంటే దూరంగా ఉన్న పిట్టని ఎంత దగ్గరికి లాగాలి అని. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. రెండు కిలోలు భుజానికి తగిలించుకుని చెరువు గట్టు మీద పొద్దెక్కేదాకా తిరగగలరా, చీకటితో లేచి అక్కడికి చేరుకోగలరా. నవ్వులాటకి అనట్లేదు, ఈ రెండూ తేలితే లెన్స్ సగం సెలెక్ట్ అయిపోయినట్టే.

నేనిప్పుడు వాడేది నైకాన్ జెడ్ 180-600 (180 నుంచి 600 ఎంఎం దాకా జూమ్), బాడీ అంటే కెమెరా జెడ్50 కొత్త మోడల్. దీనికి ముందు నైకాన్‌దే డి500 కెమెరా మీద 200-500 లెన్స్ వాడేవాణ్ణి, అందుకే పోలిక ఎక్కువగా దాంతోనే వస్తుంది. సోనీ, కానన్ వాళ్ళు ఏమనుకోకండి, మీ సంగతీ కింద రాశా.

ఈ లెన్స్ వచ్చింది 2023లో, అపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే కన్నం, ఎఫ్ 5.6 నుంచి 6.3 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). ట్రైపాడ్‌కి బిగించుకునే కాలర్ తీసేస్తే 1955 గ్రాములు, కాలర్‌తో 2140. పాత 200-500 కాలర్‌తో 2300, అంటే అంకెల్లో చూస్తే ఏమంత తేడా లేదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం వెంటనే తెలుస్తుంది. పాతదాంట్లో జూమ్ చేసేకొద్దీ గొట్టం ముందుకి సాగుతుంది, గాజు బరువంతా ముందుకి పోయి, చాచిన చేత్తో నీళ్ళబిందె పట్టుకున్నట్టు మణికట్టు లాగేస్తుంది. కొత్తదాంట్లో జూమ్ అంతా లోపలే జరుగుతుంది, ఎంత తిప్పినా పొడవు మారదు, గింబల్ (పెద్ద లెన్స్‌ని ఎటైనా తిప్పుకునే ట్రైపాడ్ తల) మీద పెట్టుకున్నా మాటిమాటికీ బ్యాలెన్స్ సర్దుకునే పని లేదు. పైగా సాగే గొట్టం బయటికొచ్చినప్పుడల్లా గాలిని లోపలికి లాగుతుంది, గాలితో పాటు దుమ్ము కూడా. వేసవిలో మెట్ట పొలాల వెంబడి తిరిగేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

నాకు అన్నిటికంటే నచ్చింది జూమ్ రింగు. 180 నుంచి 600 దాకా 70 డిగ్రీలు తిప్పితే చాలు, పట్టు మార్చకుండా ఒక్క తిప్పుతో అయిపోతుంది. అందులో ఏముంది అంటారేమో, పాలపిట్టని తీసి చూడండి. కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపూ గోధుమరంగులో ఏమీ పట్టనట్టు ఉంటుంది, రెక్క విప్పితే గానీ ఆ నీలం పూర్తిగా కనపడదు, ఆ నీలం కోసమే కదా మనం పడిగాపులు పడేది. 600లో బిగించుకుని కూర్చుంటే అది లేవగానే ఫ్రేములోంచి పోతుంది, రెక్క సగం తెగి వస్తుంది. కాబట్టి కాస్త వెనక్కి లాగి 400 దగ్గర ఉంచుకుని, లేచాక దాంతోపాటే జూమ్ తిప్పుకుంటూ పోవాలి. పాత 200-500తో ఈ పని చెయ్యాలంటే రింగుని రెండు మూడు పట్లలో తిప్పాల్సొచ్చేది, ఈలోపు పిట్ట పక్క ఊళ్ళో ఉండేది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్ళినవాళ్ళకి ఇంకో సంగతి తెలుసు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గట్టు మీంచే బాగా దగ్గరగా కనపడతాయి. జెడ్50లో ఉన్నది చిన్న సెన్సర్ కదా, 600 పెడితే ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్, లెక్కలో 900 అవుతుంది. రెక్కలు చాపిన గూడబాతుని 900లో పట్టుకోవాలనుకుంటే ముక్కు ఒక ఫోటో, తోక ఇంకో ఫోటో. జూమ్ కాకుండా ఒక్క 600 దగ్గరే ఆగిపోయే ప్రైమ్ లెన్స్ తీసుకోవాలా అని అడిగేవాళ్ళకి అందుకే ముందు జూమే తీసుకోమంటా.

దూరం సంగతికొస్తే పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద ఆగితే ఫ్లెమింగోలు ఉంటాయి, కానీ చాలాసార్లు నీళ్ళలో బాగా లోపలికి ఉంటాయి. ఎండ ముదిరాక నీళ్ళ మీద గాలి మరిగినట్టు కదులుతూ ఉంటుంది, అప్పుడు ఏ లెన్స్ పెట్టినా పిట్ట అంచులు కరిగినట్టే వస్తాయి. లెన్స్ సాఫ్ట్‌గా ఉందని షాపుకి తిరిగిచ్చేద్దామనుకునేవాళ్ళు ముందు ఆ ఫోటో ఎన్నింటికి తీశారో చూసుకోండి. ఇంకా పొడుగు లెన్స్ కొంటే ఏమవుతుందంటే ఆ కదిలే గాలే ఇంకొంచెం పెద్దగా కనపడుతుంది. లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టి 1.4 రెట్లు దగ్గర చేసే టెలికన్వర్టర్ తగిలిస్తే 840 అవుతుంది గానీ అపర్చర్ ఎఫ్ 9కి పడిపోతుంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడేమో వెలుగు చాలదు, వెలుగొచ్చేసరికి వేడి మొదలు. నేనైతే కన్వర్టర్ కొనలేదు, కొనే ఉద్దేశం కూడా లేదు.

అసలు బలహీనత కూడా ఆ వెలుగే. తెల్లారగట్ల మబ్బుగా ఉంటే 600 దగ్గర ఎఫ్ 6.3 అంటే ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని పెంచి చూపే అంకె) 6400కి ఎక్కేస్తుంది, చిన్న సెన్సర్ మీద నాయిస్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, బాగానే కనపడుతుంది, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తుడుచుకోవాల్సిందే. దట్టమైన చెట్ల నీడలో తిరిగే పిట్టలే మీ లోకమైతే ఈ లెన్స్ మిమ్మల్ని ఏడిపిస్తుంది. మరి 600 ఎఫ్ 4 తీసుకోవచ్చుగా అంటే తీసుకోవచ్చు, మూడు కిలోల పైన బరువు, పది లక్షల పైన డబ్బు ఉంటే. ఇక్కడో చిన్న లెక్క, 600ని 6.3తో భాగించండి, 95 వస్తుంది. ముందు గాజు దాదాపు అన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉండి తీరాలి, ఫిల్టర్ సైజు 95 అందుకే. సోనీ 200-600 కూడా 95 ఫిల్టరే, 2115 గ్రాములు. కానన్ 200-800 కూడా 95 ఫిల్టరే, 2050 గ్రాములు, కాకపోతే 800 దగ్గర ఎఫ్ 9. ఈ మూడింట్లో ఏ కంపెనీ గుమ్మం ఎక్కినా 600 దాకా వెళ్ళే ఇలాంటి జూమ్‌కి రెండు కిలోలు మొయ్యాల్సిందే, బ్రాండ్ల కోసం కొట్టుకోవడం దండగ.

వణుకు తగ్గించే వీఆర్ బాగా పనిచేస్తుంది, కంపెనీ 5.5 స్టాపులు అంటోంది (ఒక్కో స్టాపుకి షట్టర్ అంతకు రెట్టింపు సేపు తెరిచి ఉంచొచ్చు). కానీ అది ఆపేది మన చేతి వణుకుని, పిట్ట కదలికని కాదు. కూర్చున్న లకుముకి పిట్టకైనా షట్టర్ స్పీడు సెకనులో 1/500 కంటే కిందకి దిగను, ఎగిరేవాటికి 1/2000 పైనే. ఆటోఫోకస్ విషయంలో బాడీదే ఎక్కువ పాత్ర. జెడ్50 కొత్త మోడల్లో పిట్టల్ని గుర్తుపట్టే మోడ్ ఉంది, కొమ్మల మధ్యలో ఉన్న పికిలిపిట్ట కన్ను పట్టుకుంటుంది, అయితే ఆకులు బాగా అడ్డమొస్తే మనమే చిన్న ఫోకస్ పాయింట్‌కి మార్చుకోవాలి. సైలెంట్ షట్టర్‌లో ఎగిరే పిట్టల్ని తియ్యకండి, ఈ సెన్సర్‌తో రెక్కలు వంకర్లు పోతాయి, మెకానికల్ పెట్టుకోండి.

చిరాకు పెట్టేది కాలర్ కింద కాలు. గింబల్‌కి నేరుగా జారే గాడి దానికి లేదు, వేరే ప్లేటు బిగించుకోవాలి లేదా బయట కంపెనీల కాలు కొని మార్చుకోవాలి. ఇంత ఖరీదు పెట్టించుకుని ఆ గాడి ఇవ్వకపోవడం పిసినారితనం. ఇంకోటి, బాడీ చిన్నది కాబట్టి కెమెరా పట్టీతో వేలాడదియ్యకండి, పట్టీ లెన్స్ కాలర్‌కే కట్టండి.

సోనీ బాడీ ఉన్నవాళ్ళు 200-600 తీసుకోండి, అది 2019 నుంచీ ఉంది, అదీ లోపలి జూమే. సిగ్మా, టామ్రాన్ కంపెనీల లెన్సులు చవక గానీ సోనీ బాడీల మీద వాటిని సోనీ సెకనుకి 15 ఫ్రేములు దాటనివ్వదు, టెలికన్వర్టర్ కూడా కుదరదు. కానన్‌లో మెడనొప్పి, భుజంనొప్పి ఉన్నవాళ్ళకి 100-500 ఉంది, కాలర్ లేకుండా 1370 గ్రాములు, రేటు మాత్రం బరువుకి రివర్సు. అసలు ఈ పిచ్చి మనకి నిలబడుతుందో లేదో తెలియదు అనుకునేవాళ్ళు కానన్ 100-400 ఎఫ్ 5.6-8 చూడండి, 635 గ్రాములే, ఎండ ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది. నైకాన్‌లో డబ్బులు చాలకపోతే సెకండ్ హ్యాండ్ 200-500కి అడాప్టర్ పెట్టుకోవచ్చు, జూమ్ గురించి నేను పైన ఎంత తిట్టినా ఫోటో మాత్రం షార్ప్‌గానే వస్తుంది.

కొనేముందు ఒక శనాదివారాలు అద్దెకి తెచ్చుకుని తిరగండి, హైదరాబాద్‌లో రోజు లెక్కన ఇచ్చేవాళ్ళు ఉన్నారు, మీ భుజం ఏమంటుందో ఆదివారం రాత్రికి తెలిసిపోతుంది. అమెరికా నుంచి బావగారితో తెప్పించుకునేవాళ్ళు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే సర్వీస్ సెంటర్‌ని అడగండి, అక్కడ విడుదలప్పుడు దీని రేటు 1,700 డాలర్ల దగ్గర ఉండేది, ఆ మిగిలే డబ్బు ఒక్క రిపేరుకి పోవచ్చు. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళు లెన్స్‌తో పాటే గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు కూడా తెచ్చుకోండి. లెన్స్‌ని బ్యాగులో పెట్టి బీరువాలో దాచేస్తే వానాకాలం దాటేసరికి గాజు మీద ఫంగస్ తీగలు సాగుతుంది.