బ్రిటిష్ కాలపు జాన్‌ను వెతకాలంటే ఫిబిస్ పనికొస్తదా? కాజీపేట నుంచి రివ్యూ

ముందే చెప్తున్న, పాత మనుషుల రికార్డులు వెతికే ఈ ఫిబిస్ సైటు ఫ్రీ, మంచిగుంటది, కానీ పేరు కొట్టి ఎంటర్ నొక్కి కూసుంటే మాత్రం పని కాదు. ఏం రాదని కాదు, మస్తు వస్తయి, అసలు లొల్లే అది.

ఫిబిస్ అంటే ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ, 1998ల ఇంగ్లండ్‌ల పెట్టిన్రు, వాలంటీర్లు పాత రికార్డులు చూసి టైప్ చేసి డేటాబేస్‌ల పెడ్తరు. నేను వాడింది నాకోసం కాదు. మా లైన్ల ఉండే ఆంటీ వాళ్లది రైల్వే ఆంగ్లో ఇండియన్ కుటుంబం, కొడుకు పెర్త్‌ల సెటిల్ అయిండు, ఇప్పుడు మనవలు మా పెద్దోళ్లు ఎక్కడికెళ్లి వచ్చిన్రు అని ఒకటే అడుగుడు. ఆంటీకి ఎరుకున్నది ఇంతే: వాళ్ల తాతకు నాయిన పేరు జాన్, నిజాం రైల్వేల ఇంజన్ డ్రైవర్, పెండ్లి సికింద్రాబాద్‌ల అయింది, భార్య పేరు మాత్రం జర అరుదు. ఇంటిపేరు ఇక్కడ రాస్తలేను, రాసినా లాభం లేదు, అది జాన్ కంటే కామన్. అప్పటి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ల కండ్లు మూసుకొని రాయిసిరితే ఆ పేరున్న ఒక సార్జెంట్‌కు తగిలేది. "నీకు కంప్యూటర్ తెల్సు గదా బేటా, జర సూడు" అన్నది, సరే అన్న.

ఇగ అసలు రికార్డులు ఎక్కడివో తెల్వకుంటే వెతుకుడు దండుగ. ఆ కాలంల ఇక్కడి చర్చిలల్ల పాదిరీలు రాసిన బాప్టిజం, పెండ్లి, సమాధి వివరాలకు కాపీలు తీసి ప్రెసిడెన్సీ (బెంగాల్, మద్రాస్, బాంబే అని బ్రిటిషోళ్ల పెద్ద రాష్ట్రాలు) ఆఫీసుకు పంపితే అక్కడికెళ్లి లండన్‌కు పోయేవి. అవే ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీల ఇండియా ఆఫీస్ రికార్డుల కింద ఎన్ సిరీస్‌ల ఉన్నయి, ఎన్ 1 అంటే బెంగాల్, ఎన్ 2 మద్రాస్, ఎన్ 3 బాంబే. ఇక్కడ మనోళ్లు చానా మంది తప్పు తొవ్వ పడ్తరు, సికింద్రాబాద్ ఉన్నది నిజాం రాజ్యంల గదా అని వేరే సిరీస్ ఏదన్న ఉంటదేమో అనుకుంటరు, కాదు, అక్కడ ఉన్న ఫౌజు మద్రాసోళ్లది, చర్చిలు కూడ మద్రాస్ లెక్కలకే పోతయి, అంటే ఎన్ 2ల చూడాలె. ఇంకోటి, హైదరాబాద్ అని కొడితే సింధ్ హైదరాబాద్ కూడ వచ్చి కలుస్తది, అది బాంబే సిరీస్. నాకు దొరికిన జాన్‌లల్ల కొందరు సింధోళ్లే, వాళ్లను పక్కకు పెడ్తెనే లిస్టు సగం బరువు దిగింది.

ఫిబిస్‌ల నాకు నచ్చింది ఏందంటే, రిజల్ట్స్ రకాల వారీగ వస్తయి, పుట్టుడు పెండ్లి చావు ఒక దిక్కు, ఫౌజు ఒక దిక్కు, రైల్వే ఒక దిక్కు, పాత పేపర్ల ప్రకటనలు ఇంకో దిక్కు. మనకు మనిషి కొలువు తెలిస్తే నేరుగ ఆ దిక్కే పోవచ్చు. వాళ్లదే ఫిబివికీ అని ఒకటి ఉన్నది, అండ్ల నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే మీద పేజీ చదివినంక నాకు కాలం లెక్క కుదిరింది. కర్ణాటక దిక్కున్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ లైన్ 1874ల వచ్చింది, కంపెనీ 1883ల, పట్టాలు మన వరంగల్ దిక్కు 1886ల, బెజవాడ 1889ల. అంటే ఈయన ఆ కంపెనీల డ్రైవర్ అయితే 1883కు ముందటి నిజాం గ్యారంటీడ్ డ్రైవర్ జాన్ ఎవడూ ఉండడు గదా, గట్ల కొందరు పోయిన్రు. సైటు చూడనీకి పాత సర్కారీ ఆఫీస్ లెక్క ఉంటది, ఫోన్‌ల ఐతే ఇంకా చికాకు, దాని గురించి అంతకంటే ఏం చెప్పను.

పేరు స్పెల్లింగ్ సంగతి. గుమస్తాలు జాన్‌ను జెఎన్‌ఓ అని పొట్టిగ రాసేది, విలియం అయితే డబ్ల్యూఎం, జేమ్స్ జెఎఎస్, చార్లెస్ సిహెచ్‌ఎఎస్. టైప్ చేసినోళ్లు ఉన్నది ఉన్నట్టు కొడ్తరు, కాబట్టి జాన్ అని కొడితే సగం జాన్‌లు రారు. ఊర్ల పేర్లు కూడ అంతే, తిరుమలగిరిని ట్రిముల్‌ఘెర్రీ అని రాసిన్రు, దాని స్పెల్లింగ్ ఎన్ని తీర్ల ఉంటదో లెక్క లేదు.

నేను జాన్‌ను వెతుకుడు బంద్ చేసి భార్యను పట్టుకున్న, గప్పుడు కథ నడిచింది. అరుదైన పేరు గదా, 1890లల్ల సికింద్రాబాద్ పెండ్లిళ్లల్ల ఒక్కతే తేలింది. ఫిబిస్‌ల దొరికేది ఎక్కువ శాతం ఇండెక్సే, అసలు పేజీ ఫోటో కాదు, వాల్యూమ్ నంబర్ పేజీ నంబర్ ఇస్తది. ఫోటో కోసం ఫైండ్‌మైపాస్ట్ అనే ఇంకో సైటుకు పైసలు కట్టిన, బ్రిటిష్ లైబ్రరీ తోటి కలిసి 2014ల వాళ్లు ఈ రికార్డులు పెట్టిన్రు. ఆ పేజీ చూస్తే మాత్రం కట్టిన పైసలు మర్చిపోయిన. వరుసగ గడులు: తేదీ, ఇద్దరి పేర్లు, వయసు, పెండ్లికాని పిలగాడా భార్య చచ్చిపోయినోడా, కొలువు, నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లు, కింద సాక్షుల సంతకాలు. వయసు గడిల నంబర్ లేదు, నిండు వయసు అని రాసి సరిపెట్టిండు పాదిరి, కోపమొచ్చింది గానీ పక్క గడిల ఇంజన్ డ్రైవర్ అని సాఫ్‌గ ఉన్నది, సాక్షి సంతకం పెండ్లిపిల్ల ఇంటిపేరు తోటే, అన్ననో తమ్ముడో అయి ఉంటడు. తండ్రి పేరు గడి ఉన్నది చూసిన్రా, కామన్ పేరోళ్లకు అసలు తాళంచెవి గదే.

ఇప్పుడు చెప్పాల్సిన ముచ్చట ఒకటున్నది. నాకంటే ముందు ఆంటీ కొడుకు ఆన్‌లైన్‌ల ఒకాయనకు పైసలిచ్చి వంశవృక్షం చేపిచ్చిండు, రంగుల పీడీఎఫ్, పైన సింహం బొమ్మ. అండ్ల ఈ జాన్‌ను ఫలానా ఫౌజీ కొడుకు అని గీత గీసి పెట్టిండు. ఆ ఫౌజీ కొడుకు బాప్టిజం నిజమే, ఊరు సికింద్రాబాదే, పేరు అదే. కానీ సమాధుల రికార్డుల కూడ కొట్టి చూస్తే ఆ పిలగాడు రెండేండ్లకే చచ్చిపోయిండు, తండ్రి పేరు, రెజిమెంట్ అన్నీ కలిసినయి. చచ్చిపోయిన పసిపిలగానితోటి రైలు నడిపిచ్చిండు ఆ మహానుభావుడు! ఎవరికన్న పైసలిచ్చే ముందు, దొరికిన ప్రతి బాప్టిజంకు సమాధుల లిస్టు చూసినవా అని ఒక్క ప్రశ్న అడుగున్రి, జవాబు నసిగితే వదిలేయున్రి.

నేను చేసింది ఏందంటే ఎక్సెల్‌ల ఆ పేరున్నోళ్లందరినీ వరుసగ రాసి, తండ్రి పేరు, కొలువు, ఊరు, భార్య, చావు తేదీ గడులు పెట్టి ఒక్కొక్కరినీ కొట్టేసుకుంట వచ్చిన. పెండ్లి పేజీల ఉన్న తండ్రి పేరుతోటి చూస్తే చివరికి ఇద్దరు మిగిలిన్రు, ఒకరు మద్రాస్‌ల పుట్టినోడు, ఒకరు బళ్లారిల. ఇద్దరి తండ్రుల పేరూ ఒకటే, ఏం చేస్తం. ఇద్దరిల ఎవరని తేల్చనీకి థాకర్స్ ఇండియన్ డైరెక్టరీలు ఏండ్ల వారీగ తిప్పాలె, అండ్ల పేరు, కొలువు, ఊరు ఉంటయి, కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌ల ఫ్రీగనే ఉన్నయి. ఆ పని ఇంకా నడుస్తున్నది.

మైనస్ కూడ చెప్పాలె. ఈ దంపతుల పిల్లల బాప్టిజంలు ఎన్ 2ల లేవు, ఎందుకంటే భార్య క్యాథలిక్, పిల్లలను ఆమె చర్చిల చేపిచ్చినట్టున్నది. క్యాథలిక్ రిజిస్టర్లు అన్నీ లండన్ పోలేదు, చానా మటుకు ఆ చర్చిలల్లనే ఉన్నయి. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ 1850 నాటిది, గసొంటి చోట్లకు మనిషి స్వయంగ పోయి ఫాదర్‌ను అడగాలె, ఏ సైటూ ఆ పని చేసి పెట్టది.

ఇంక మన తెలుగోళ్ల తాతముత్తాతల కోసం ఫిబిస్ తెరవకున్రి, టైమ్ వేస్ట్. మన దిక్కు మల్లయ్య, రాజయ్య, కొమురయ్య, సమ్మయ్య, కొమురెల్లి మల్లన్న దయ వల్ల ఇంటికొక మల్లయ్య, వీళ్లు ఆ రిజిస్టర్లల్ల ఉండరు. వాళ్లకు సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ లాంటి పాత భూమి రికార్డులే, సర్వే నంబర్ పట్టుకొని పోవుడే. అక్కడ కూడ పనికొచ్చేది తండ్రి పేరే.

రేటింగ్: ఫిబిస్‌కు ఐదుకు నాలుగు, ఆ ఒక్కటి కోసింది అసలు పేజీ ఫోటోలు తక్కువున్నందుకు. ఫ్యామిలీసెర్చ్ అనే ఇంకో సైటు కూడ ఫ్రీ అకౌంట్ తోటి ఇండెక్స్ చూపిస్తది, రెండింటిల ఒకే మనిషి వివరాలు తేడా వస్తే అసలు పేజీ చూసేదాక ఏదీ నమ్మకున్రి. ఫిబిస్ మెంబర్‌షిప్ కట్టాలా అంటే, ముందు కట్టకున్రి, ఫ్రీ సెర్చ్ మొత్తం పిండినంక ఆలోచించున్రి. ఫైండ్‌మైపాస్ట్‌కు కూడ ఒక్క నెలకే కట్టి, చూడాల్సిన పేజీ నంబర్లన్నీ ముందే ఫిబిస్‌ల రాసుకొని పెట్టుకొని, అప్పుడు మొదలుపెట్టున్రి.