స్టార్‌డ్యూ వ్యాలీలో మోడ్‌లు, స్మాపి: నాలుగేళ్లు వాడాక నా సమీక్ష

ఎరిక్ బరోన్ ఒక్కరే కోడ్, బొమ్మలు, సంగీతం సమకూర్చి 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన వ్యవసాయపు ఆట స్టార్‌డ్యూ వ్యాలీ. దానిని నేను నాలుగేళ్లకు పైగా కంప్యూటర్‌లో ఆడుతున్నాను. మొదటి రెండు నెలలు తప్ప మిగతా కాలమంతా మోడ్‌లతోనే, అంటే ఆటను మార్చడానికి ఇతరులు తయారుచేసే అదనపు ప్రోగ్రాములతోనే గడిచింది. వాటిని ఆటలోకి ఎక్కించే ఉచిత సాఫ్ట్‌వేర్ స్మాపి. దానిలో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేది ఒకటుంది: ఆటగాడికి ఎదురైన ఇబ్బంది మోడ్ తయారీదారుకు అర్థమయ్యే రూపంలో చేరడానికి అది దారి వేసి పెట్టింది.

ఆట మొదలుకాగానే ఒక కన్సోల్ విండో తెరుచుకుంటుంది. ఏ మోడ్ ఎక్కిందో, ఏది ఎక్కలేదో, దేనికి కొత్త వెర్షన్ వచ్చిందో అందులో కనిపిస్తుంది. ఒక మోడ్‌లో తప్పు జరిగితే స్మాపి చాలావరకు దానిని అక్కడికక్కడే పట్టుకొని, ఆట ఆగిపోకుండా కాపాడి, ఆ మోడ్ పేరుతో ఎర్ర అక్షరాలలో నమోదు చేస్తుంది. ఇలా నమోదైన లాగ్ ఫైల్‌ను స్మాపి సైట్‌లో ఎక్కిస్తే వచ్చే లింకును ఎవరికైనా పంపవచ్చు.

దీని విలువ నాకు ఒక చిన్న మోడ్ వల్ల తెలిసింది. పొలంలోని పెట్టెల్లో ఏ సరుకు ఎంత ఉందో రాత్రి లెక్కగట్టి, తెల్లవారేసరికి జాబితాగా చూపించడం దాని పని. పాత పొలంలో అది ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. కొత్త పొలం మొదలుపెట్టాక మాత్రం ప్రతి ఉదయం జాబితా ఖాళీగా వచ్చేది. మోడ్ పని చేయడం లేదని ఒక్క ముక్క రాస్తే, తన దగ్గర బాగానే నడుస్తోందని తయారీదారు జవాబిచ్చారు. ఆయన అన్నది నిజమే. వారం తర్వాత మిగతా మోడ్‌లను సగం సగం తీసి చూసి, ఇదొక్కటే ఉంచినా తప్పు వస్తోందని, కొత్త పొలంలో ఇల్లు ఇంకా పెంచుకోలేదని, లాగ్ లింకు జతచేసి మళ్లీ రాశాను. ఇంటి గురించి రాసిన ఆ మాటే అసలు సంగతి పట్టిచ్చింది. ఈ ఆటలో మొదటి ఇంట్లో వంటగది ఉండదు. 10,000 బంగారం, 450 చెక్క ఇచ్చి ఆటలోని వడ్రంగి రాబిన్ చేత ఇల్లు పెంచుకున్నాకే వంటగది, ఫ్రిజ్ వస్తాయి. ఇంట్లో లేని ఫ్రిజ్ కోసం మోడ్ వెతికి, మిగతా పెట్టెల లెక్కను కూడా అక్కడే వదిలేసేది. తయారీదారు ఎప్పుడూ తన పెద్ద ఇంటి సేవ్ ఫైల్‌తోనే పరీక్షించుకునేవారట. మూడు రోజుల్లో సవరణ వచ్చింది. ఖాళీ వేళల్లో, జీతం లేకుండా పని చేసే ఒక మనిషి వేలమంది పొలాలను ఊహించుకోలేడు. ఆ పొలాల కబురు మనమే చేరవేయాలి.

2024 మార్చి 19న వచ్చిన ఆట 1.6 వెర్షన్‌లో, కోడ్‌లో వస్తువులను గుర్తించే అంకెల గుర్తులు అక్షరాల గుర్తులుగా మారాయి. పాత కోడ్‌ను కొంతవరకు స్మాపియే సర్దుకున్నా, చాలా మోడ్‌లను తయారీదారులే స్వయంగా సవరించక తప్పలేదు. అప్పుడు వారికి సాయపడింది ఎప్పుడు అప్‌డేట్ చేస్తారని రోజూ నిలదీసినవారు కాదు. ఫలానా విత్తనం దుకాణంలో కనబడడం లేదని లాగ్‌తో సహా చెప్పినవారు. బాగా నడుస్తున్న మోడ్‌కు కృతజ్ఞత చెప్పడం కూడా నా దృష్టిలో అంతే అవసరం. ఫిర్యాదులు మాత్రమే అందుకునే మనిషి ఎన్నాళ్లు పని చేస్తాడు?

లోపం ఒకటి చెప్పాలి. ఆ లాగ్ అంతా ఇంగ్లీషులో, సాంకేతిక పదాలతో ఉంటుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు ఎర్ర అక్షరాలు చూస్తే చాలు, ఆట మూసేసేవాడు. ఏం చేస్తుండగా జరిగిందో తెలుగులోనే రాసి ఇవ్వమన్నాను. పోయిన నెల వాడు ఇచ్చిన చీటీలో ఇలా ఉంది: "వాన పడే రోజు మాత్రమే. గుర్రం మీద ఉంటే వస్తుంది, దిగితే రాదు." దానిని ఇంగ్లీషులోకి మార్చి, లాగ్ లింకుతో, తప్పు వచ్చిన మోడ్ తయారీదారుకు పంపాను. గుర్రం సంగతి తనకు ఎన్నడూ తోచలేదని ఆయన ఆ రాత్రే రాశారు.