మనాలి అనుకుని ఖాజాగూడ గుట్టలెక్కాం

వేసవికి మనాలి అనుకుంటే రైలు టికెట్లు వెయిటింగ్ లిస్టు దాటలేదు. హిమాలయాలు చూపిస్తానని మాటిచ్చిన పాపానికి, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయిని తీసుకుని గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చా.

లక్డీకాపూల్‌లో ఒక లాడ్జిలో దిగాం. మెట్రో స్టేషన్ దగ్గర, అంతవరకే దాని గొప్ప. వేడినీళ్లు పొద్దున ఎనిమిదింటికే బంద్. అడిగితే "సోలార్ సార్" అన్నారు, మే నెలలో!

నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, లాకర్‌లో పెట్టాలి. పక్కనే ప్లానెటేరియం, డైనోసార్ అస్థిపంజరం ఉన్న మ్యూజియం. ఒక పూట చాలు. మందిరం పాలరాయి చూపిస్తూ, ఇదీ ఒకప్పుడు సున్నపురాయే, వేడికీ ఒత్తిడికీ ఇలా మారిందన్నా. ఎవరెస్ట్ కొనదీ సున్నపురాయే, అందులో సముద్ర జీవుల అవశేషాలున్నాయంటే వాడు నమ్మలేదు.

"8,849 మీటర్ల పైకి సముద్రం ఎలా ఎక్కింది నాన్నా?"

ఇరానీ హోటల్లో రెండు ఉస్మానియా బిస్కెట్లు ఎదురెదురుగా నెట్టి చూపించా. ఉత్తరానికి జరుగుతూ వచ్చిన భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోసే భూమి పైపెంకు ముక్క, దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దింది. మధ్యలోని టెథిస్ సముద్రం మూసుకుపోయింది. ఖండాల రాయి తేలిక, లోతుకు సులువుగా మునగదు. అందుకే పొరలు ముడతలు పడి, ఒకదానిమీదొకటి ఎక్కి పైకి లేచాయి. ఆ నెట్టుడు ఇప్పటికీ ఆగలేదు. "ఇంకా పెరుగుతాయిగా, వచ్చే ఏడాది చూద్దాంలే" అంటూ ఆసియాను వాడే తినేశాడు.

గోల్కొండకు గేటు తెరిచేసరికి వెళ్లండి, పదయితే మెట్లెక్కలేం.

అసలు నచ్చింది ఖాజాగూడ గుట్టలు. రాయదుర్గం మెట్రో నుంచి ఆటోలో వెళ్లాం, అతను మీటరు వేయలేదు. టికెట్టు లేదు, తాగడానికి నీళ్లూ లేవు, దారంతా సీసా పెంకులు. బూట్లు తప్పనిసరి. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లంటే వాడు అక్కడే లెక్కేశాడు: హిమాలయాలకు యాభై రెట్లు! రాతిలో గులాబీ పలుకులు కంటికే కనిపిస్తాయి. భూమి లోపల శిలాద్రవం తీరిగ్గా చల్లారితేనే అంత పెద్దవవుతాయి. అంటే దానిమీద ఒకప్పుడున్న రాయంతా అరిగి కొట్టుకుపోయిందన్నమాట. ఎవరో పేర్చినట్టుండే గుండ్లు కూడా ఎక్కడినుంచో దొర్లి రాలేదు. పగుళ్లలోకి నీరు దిగి, మూలలు అరిగి, ఉన్నచోటే గుండ్రమయ్యాయి. ఒక పక్క మాత్రం అపార్ట్‌మెంట్లు గుట్టదాకా వచ్చేశాయి.

ఇద్దరికి రెండు లీటర్ల నీళ్లు సరిపోలేదు, మూడు పెట్టుకోండి.