కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, హైపోథీసిస్ టెస్టింగ్ నేర్చుకోవడానికి ఎక్సెల్ ఎంతవరకు పనికొస్తుంది?

స్టాటిస్టిక్స్ మొదటి కోర్సులో ఈ రెండు పాఠాల దగ్గరికి వచ్చేసరికి చాలామంది తెరిచేది ఎక్సెలే. శాంపిల్‌ను బట్టి అసలు సగటు ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పేది కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, ఒక ఊహను డేటా కాదంటోందా అని చూసేది హైపోథీసిస్ టెస్టింగ్. ఈ రివ్యూ కూడా ఆ రెండు పాఠాల వరకే. తీర్పు ముందే చెప్పేస్తాం: రెడీమేడ్ ఫంక్షన్లకు ఐదుకు రెండు మార్కులు, లెక్కను సెల్ సెల్‌గా విప్పి చూసుకునే వీలుకు ఐదుకు ఐదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్యాకెట్ మీద 500 గ్రాములని రాసి ఉంది. 25 ప్యాకెట్లు తూస్తే సగటు 497.6, స్టాండర్డ్ డీవియేషన్ (బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 6 వచ్చాయి. 25 వర్గమూలం 5 కాబట్టి, 6ను దాంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ సగటు ఎంత ఊగుతుందో చెప్పే అంకె) 1.2.

కాన్ఫిడెన్స్.నార్మ్(0.05, 6, 25) అని కొడితే 2.352 వస్తుంది. అది ఇంటర్వల్ కాదు, అందులో సగం వెడల్పు మాత్రమే. సగటుకు దాన్ని ఒకసారి కలిపి, ఒకసారి తీసేసే పని మనదే. మొదటి గడిలో ఇవ్వాల్సింది ఆల్ఫా, అంటే 95 శాతం పోగా మిగిలిన 0.05. అక్కడ 0.95 ఇస్తే ఎక్సెల్ ఏ హెచ్చరికా లేకుండా 0.075 చూపిస్తుంది. ఇంటర్వల్ నమ్మలేనంత ఇరుకుగా వస్తే ముందు అనుమానించాల్సింది ఈ గడినే.

అసలు చిక్కు ఇంకొకటుంది. నార్మ్ బదులు కాన్ఫిడెన్స్.టి వాడితే 2.477 వస్తుంది. తేడా చూడ్డానికి చిన్నదే, కానీ మొదటిదాంతో ఇంటర్వల్ 495.25 నుంచి 499.95 వరకు, రెండోదాంతో 495.12 నుంచి 500.08 వరకు. ఒకదాంట్లో 500 లేదు, ఇంకోదాంట్లో ఉంది. డేటా అదే, 500 అన్న మాటను నమ్మొచ్చా లేదా అన్న నిర్ణయం మాత్రం తారుమారైంది. 6 అన్నది శాంపిల్ నుంచి మనమే అంచనా వేసుకున్న అంకె కాబట్టి ఇక్కడ సరైనది టి. చిన్న శాంపిళ్లలో ఆ అంచనా తెచ్చే అదనపు అనిశ్చితిని లెక్కలోకి తేవడానికే విలియం గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ పేరుతో ఆ పద్ధతి ఇచ్చాడు. ఎక్సెల్ రెండు ఫంక్షన్లనూ పక్కపక్కనే పెట్టి ఊరుకుంటుంది, ఏది ఎప్పుడు వాడాలో చెప్పదు.

టెస్టింగ్ వైపు పరిస్థితి ఇంకా ఇబ్బంది. ఒకే శాంపిల్‌కు టి-టెస్ట్ (అసలు సగటు ఫలానా అంకె కాదని డేటా అంటోందా అని చూసే పరీక్ష) చేసే ఫంక్షనే లేదు. జడ్.టెస్ట్ ఉంది కదా అని వాడితే ఈ డేటాకు 0.977 వస్తుంది. అది కుడివైపు తోక వైశాల్యం, అంటే ఇంతకంటే పెద్ద సగటు వచ్చే సంభావ్యత. మన సగటు 500 కంటే తక్కువ కాబట్టి అంత పెద్ద అంకె వచ్చింది. దాన్నే పి-విలువ అనుకుంటే మొత్తం బోల్తా. చేతితో చేయడమే మేలు: సగటులోంచి 500 తీసేసి 1.2తో భాగిస్తే టి = −2. ఆ మైనస్‌తోనే టి.డిస్ట్.2టి లో పెడితే ఎర్రర్ వస్తుంది, అందుకే ఏబీఎస్‌తో గుర్తు తీసేసి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ శాంపిల్ సైజుకు ఒకటి తక్కువ) 24 ఇవ్వాలి. జవాబు, అంటే పి-విలువ, 0.057.

0.05 దాటింది కాబట్టి నల్ హైపోథీసిస్‌ను (అసలు సగటు 500 అన్న ఊహను) తిరస్కరించలేం. అంతమాత్రాన సగటు బరువు 500 అని రుజువైనట్టు కాదు, ఇంటర్వల్‌లో 496 కూడా ఉందిగా! 0.057 అంటే నల్ నిజమయ్యే అవకాశమూ కాదు. సగటు నిజంగా 500 అయి ఉంటే, ఇంత దూరం లేదా ఇంతకంటే దూరం జరిగిన ఫలితం వచ్చే సంభావ్యత అది.

రెండు గుంపుల్ని పోల్చే టి.టెస్ట్ నయం, కానీ అదీ పి-విలువ ఒక్కటే ఇస్తుంది. తేడా ఎంతో, దాని ఇంటర్వల్ ఏమిటో చెప్పదు. చివరి గడిలో జతల డేటాకు 1, విడి గుంపులకు 3 ఇవ్వండి. రెండు గుంపుల వేరియన్స్ (డేటా చెదురు) సమానమనుకునే 2 జోలికి పోకపోవడమే క్షేమం.

స్టాటిస్టిక్స్ లెక్కల కోసం ఎక్సెల్‌లో ఉన్న అనాలిసిస్ టూల్‌ప్యాక్‌ను ఆప్షన్స్‌లో, యాడ్-ఇన్స్ దగ్గర టిక్ పెట్టి తెచ్చుకోవాలి. అందులో డిస్క్రిప్టివ్ స్టాటిస్టిక్స్ పట్టికలో ‘కాన్ఫిడెన్స్ లెవెల్ (95.0%)’ అన్న పేరు పక్కన 2.477 లాంటి అంకె కనిపిస్తుంది. అది లెవెల్ కాదు, మళ్లీ ఆ సగం వెడల్పే. పైగా డేటా మారిస్తే ఆ పట్టిక మారదు, మళ్లీ నడపాలి.

ఇక ఐదు మార్కుల సంగతి. ఎ నుంచి వై వరకు 25 కాలమ్‌లలో నార్మ్.ఇన్వ్(ర్యాండ్(), 500, 6) పెట్టి, 100 వరసలకు లాగండి. ప్రతి వరస ఒక శాంపిల్. పక్కన సగటు, ఎస్‌టీడెవ్.ఎస్ (శాంపిల్ స్టాండర్డ్ డీవియేషన్), కాన్ఫిడెన్స్.టి, ఆ తర్వాత ఇంటర్వల్‌లో 500 ఉంటే 1, లేకపోతే 0. కింద మొత్తం కూడితే 95 చుట్టూ వస్తుంది. ఎఫ్9 నొక్కిన ప్రతిసారీ ఒకసారి 93, ఇంకోసారి 97 అంటూ కదులుతుంది. 95 శాతం అన్న హామీ పద్ధతిదే తప్ప చేతిలో ఉన్న ఒక్క ఇంటర్వల్‌ది కాదన్న మాట ఇక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. శాంపిల్‌ను 5కు తగ్గించి, టి బదులు నార్మ్ పెట్టి చూడండి: మొత్తం 88 దగ్గరికి జారుతుంది. ఇంత స్పష్టంగా చూపించే పాఠం మరొకటి దొరకడం కష్టం.

నిష్పత్తుల ఇంటర్వల్‌కు మాత్రం ఇందులో ఏ ఫంక్షనూ లేదు. పాఠాల్లో చెప్పే మామూలు సూత్రం 20లో సున్నా లోపాలు వస్తే 0 నుంచి 0 అంటుంది, అది అర్థం లేనిది. అక్కడ బీటా.ఇన్వ్(0.975, 1, 20) వాడితే పై హద్దు 0.168 అని సరిగ్గా వస్తుంది. ఇలాంటివి తరచూ చేయాల్సినవాళ్లు ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌కు మారడం మంచిది. అక్కడ టి.టెస్ట్ ఒక్కటే ఇంటర్వల్, టి, పి మూడూ కలిపి ఇస్తుంది.