క్యాసెట్‌లో ఎండ: గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీతో ఇరవై ఏళ్లు

2005 సంక్రాంతికి మా బావగారు డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీని, అంటే నింటెండో కంపెనీ చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్ యంత్రాన్ని, నేను ఇప్పటికీ వాడుతున్నాను. రెండుసార్లు బ్యాటరీ మార్చడం తప్ప దానికి నేను చేసిన సేవ ఏమీ లేదు. తెరపై దీపం వేసుకుంటే సుమారు 10 గంటలు, ఆర్పేస్తే 18 గంటలు ఆడవచ్చని అప్పట్లో చెప్పిన లెక్క కొత్త బ్యాటరీతో నాకు దాదాపు సరిపోయింది.

2001లో వచ్చిన తొలి అడ్వాన్స్‌కు ఆ దీపం కూడా లేదు. ఆ లోటు ఆటల రంగుల్లోనే కనిపిస్తుంది. తొలినాళ్లలో వచ్చిన 'కాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ది మూన్' ఎంత చీకటిగా ఉండేదంటే, దాన్ని ఆడాలంటే కిటికీ పక్కన చేరాల్సిందే. మరుసటి ఏడాది వచ్చిన తరువాతి భాగానికి రంగులు కళ్లు చెదిరేలా వేశారు. 2003లో ఎస్‌పీ దీపంతో వచ్చాక అవే రంగులు కాస్త అతిగా అనిపించడం ఒక తమాషా.

అయితే ఈ యంత్రాన్ని నేను వదలకపోవడానికి అసలు కారణం, మన దగ్గర క్యాసెట్లని పిలుచుకునే కార్ట్రిడ్జులే. హిదేవో కొజిమా నిర్మాతగా 2003లో వచ్చిన 'బొక్‌టాయ్' క్యాసెట్‌లో ఎండను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. రక్తపిశాచులను వేటాడే కుర్రవాడి తుపాకీకి శక్తి రావాలంటే మనం నిజంగానే ఎండలోకి వెళ్లాలి. ట్యూబ్‌లైటును అది లెక్కచేయదు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, తలమీద తడి తువ్వాలు వేసుకుని డాబా మీద కూర్చున్నప్పుడు తెరమీది సూర్యుడి కొలత నిండిపోవడం చూసి నేను పొంగిపోయాను, 'వడదెబ్బ తగులుతుంది, దిగరా' అని అమ్మ కింది నుంచి అరిచింది. ముసురు పట్టిన వారంలో మాత్రం ఆ ఆటను పక్కన పెట్టాల్సిందే. 'వారియోవేర్: ట్విస్టెడ్' క్యాసెట్‌లో గైరో సెన్సర్ ఉండటంతో యంత్రాన్నే స్టీరింగులా తిప్పుతూ ఆడాలి కనుక, దాన్ని బస్సులో ఆడవద్దని అనుభవంతో చెబుతున్నాను.

ఆటల చరిత్రలోనూ వింతలకు కొదవలేదు. జపాన్‌లో తయారైన 'అడ్వాన్స్ వార్స్' 2001 సెప్టెంబరు 10న అమెరికాలో విడుదలైంది. సొంత దేశంలో మాత్రం 2004లో, రెండో భాగంతో కలిపి ఒకే క్యాసెట్‌గా వచ్చింది. 'ఫైర్ ఎంబ్లమ్' వీరుడు రాయ్ తన సొంత ఆట రాకముందే నింటెండో వీరులంతా తలపడే 'స్మాష్ బ్రదర్స్ మెలీ' అనే ఆటలో కనిపించాడు, తీరా 2003లో అమెరికాకు వచ్చింది అతని తండ్రి కథ. 2006 నాటి 'మదర్ 3' అయితే అధికారికంగా ఇంగ్లీషులోకి రానేలేదు. ఏ దేశపు క్యాసెట్ అయినా ఈ యంత్రంలో ఆడుతుంది, నాకు జపనీస్ రాకపోవడమే అడ్డు.

నింటెండో వారి పాత టీవీ గేమ్ యంత్రం సూపర్ నింటెండో నుంచి దించిన ఆటలు ఇందులో కొల్లలుగా ఉన్నాయి కానీ, వాటి సంగీతం ఇక్కడ కొంత బొంగురుగా వినిపిస్తుంది. ఎస్‌పీకి మామూలు హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం లేదు, అడాప్టర్‌ను ఛార్జింగ్ చోటులోనే గుచ్చాలి.

ఇప్పుడు సెకండ్ హ్యాండులో కొనేవారు నకిలీలతో జాగ్రత్తగా ఉండాలి. ఒక దుకాణంలో అసలుదని నమ్మి కొన్న 'పోకెమాన్ ఎమరాల్డ్'లో నలభై గంటల ఆట ఒక్క రాత్రిలో చెరిగిపోయింది. క్యాసెట్ అడుగున బంగారు రంగు పిన్నుల పైన, బోర్డు మీద నింటెండో పేరు సన్నగా అచ్చయి ఉందో లేదో డబ్బులిచ్చే ముందే చూసుకోండి.

2005లో వచ్చిన మెరుగైన రకంలో దీపం తెర వెనుక నుంచి వెలుగుతుంది, రాత్రిపూట గదిలో ఆడేవారికి అదే మేలు. ఎండలో మాత్రం దానికన్నా దీపం ఆర్పేసిన నా పాత తెరే స్పష్టంగా కనిపిస్తుంది కనుక, 'బొక్‌టాయ్' కోసం నేను దీన్నే ఉంచుకున్నాను.