కొవ్వొత్తి స్టీమ్ పడవ కిట్ తెప్పిస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నెల్లూరు, ఒంగోలు వైపు తల్లిదండ్రులకి ముఖ్యంగా చెప్తున్నా. కొవ్వొత్తి వెలిగిస్తే టబ్బులో తనంతట తనే పోయే పడవ కిట్ ప్రకటన ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతా ఉంది. "అతుకుల్లేని అసలైన రాగి గొట్టం, పిల్లలే చేసుకోవచ్చు, సరికొత్త టెక్నాలజీ" అంట. 449 రూపాయలు, ఇంటికొచ్చాక ఇస్తే చాలు. స్కూల్లో సైన్స్ ఫేర్ ఉందని మా వాడికి తెప్పించా. మీరు మాత్రం తెప్పించొద్దు.

సరికొత్త అనేదే అబద్ధం. ఈ పడవకి థామస్ పియో అనే ఆయన 1891లోనే బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. పోనీ, పాతదైతే మనకేం నష్టం? అసలు తంటా గొట్టంతోనే.

వాళ్లిచ్చిన కాగితంలో ఎట్టా ఉంటే అట్టానే చేశాం. గొట్టం నిండా నీళ్లు పట్టి, రెండు కొసలూ నీళ్లలో మునిగేట్టు పెట్టి, గొట్టం నడుమ మెలి తిప్పిన చుట్ట కింద కొవ్వొత్తి వెలిగించాం. పడవ కాస్త కదిలింది, మా వాడు కేక పెట్టాడు. ఇంతలోనే చుట్ట దగ్గర బుస్సుమని వేడినీళ్లు చిమ్మి వాడి వేళ్ల మీద పడ్డాయి. వెంటనే కుళాయి కింద పెట్టాం కాబట్టి ఎర్రబడడంతో పోయింది. అదే ముఖం వంచి చూస్తా ఉండుంటే?

చల్లారాక చుట్ట విప్పి చూస్తే గొట్టం ఒక్క ముక్క కాదు. రెండు ముక్కల్ని నడిమధ్యలో మాటేసి అతికారు, అదీ సరిగ్గా మంట తగిలే చోట. ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం ఆనిస్తే టక్కున పట్టేసింది. రాగికి అయస్కాంతం అంటుకోదు. లోపల ఇనుము, పైన రాగి పూత!

ఆ చోట మాటు ఎందుకు నిలవదో చెప్తా. చుట్టలో నీళ్లు ఆవిరై, గొట్టంలో ఉన్న నీళ్లని వెనక్కి తోస్తాయి, పడవ ముందుకి పోతుంది. ఆ ఆవిరి చల్లబడి నీరైతే లోపల ఖాళీ ఏర్పడి మళ్లీ నీళ్లు లోపలికి లాక్కుంటది. బయటికి పోయేటప్పుడు నీళ్లు ఒకే దిక్కుకి దూసుకుపోతాయి, లోపలికొచ్చేటప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తాయి. అందుకే పడవ వెనక్కి రాదు. అయితే ఆవిరి నిండిన ప్రతిసారీ మంట మీదున్న గొట్టం పొడిగా కాల్తా ఉంటది. మామూలు తగరం-సీసం మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. కొవ్వొత్తి మంటకి అదెంత పని?

ఇంకో దారుణం, పడవ థర్మాకోల్‌ది. కొవ్వొత్తి కింద చిన్న రేకు ముక్క కూడా లేదు. గొట్టాన్ని నోటితో పీల్చి నీళ్లు నింపమని కూడా రాశారు. మాటులో సీసం ఉంటే అది పిల్లల నోట్లోకే. సూది తీసేసిన సిరంజితో నింపొచ్చు కదా.

వాపసు అడిగితే "వాడిన వస్తువు తీసుకోం" అన్నారు, ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశారు. పెట్టె మీద తయారీదారు చిరునామా లేదు, ఐఎస్ఐ గుర్తూ లేదు. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకి ఆ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఇప్పటికే మోసపోయినవాళ్లు పెట్టె, బిల్లు పారెయ్యకుండా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేనూ ఫిర్యాదు పెట్టా.

పిల్లలకి చేసివ్వాలనే ఉంటే ఏసీ రిపేరు షాపులో మూడు మిల్లీమీటర్ల రాగి గొట్టం అడగండి. ఫ్రిజ్‌కి వాడే మరీ సన్నటిది వద్దు, లోపల బోరు చాలదు. గొట్టం నిండా మెత్తటి ఉప్పు కూరి లావుపాటి పెన్నుకి చుడితే నొక్కుకుపోదు, తర్వాత నీళ్లు పోస్తే ఉప్పు కరిగిపోతుంది. ఎక్కడా అతుకు ఉండకూడదు. అడుగుకి కొబ్బరినూనె డబ్బా రేకు సరిపోతుంది. కొవ్వొత్తి పొట్టిదై ఉండాలి, పొడుగుదైతే పడవ ఒరిగిపోతది.

రొట్టెల పండగ అంగళ్లలో రేకు పడవలు కనబడితే మాత్రం అయస్కాంతం పరీక్ష పనికిరాదు, రేకంటేనే ఇనుము కాబట్టి. అమ్మేవాళ్లని తొట్టిలో కాసేపు తిప్పి చూపించమనండి. డబ్బాలోంచి ఇంకోటి తీసిస్తే వద్దని, తిరిగిన పడవనే అడిగి తీసుకోండి.